ఇంటిపేరు వేరైన జ్వరం

కరోనా మూడోసారి విరుచుకుపడినప్పుడు నేను కరీంనగర్‌లో ల్యాబు టెక్నీషియన్‌ని. పాజిటివ్ వచ్చిన శాంపిళ్లలో వైరస్ బాగా ఉన్నవి ఏరి, ఐసు పెట్టెలో సర్ది, అది ఏ రకమో తేల్చడానికి హైదరాబాదు పంపేవాళ్లం. విదేశాల నుంచి వచ్చినవాళ్లవి తప్పనిసరిగా పంపాలి.

హుస్నాబాద్ దగ్గర ఒక ఊళ్లో, దుబాయి నుంచి వచ్చినతనికి పాజిటివ్ తేలింది. పాపం, వచ్చిన రోజు నుంచీ వెనక గదిలోంచి కదల్లేదు. అయినా ఆ వారమే ఎదురింటి అరుగు మీద కూర్చుని బీడీలు చేసే ఆడవాళ్లకు జ్వరాలు మొదలయ్యాయి. వాళ్లకూ పాజిటివే రావడంతో ఆ శాంపిళ్లూ హైదరాబాదు పంపాం. ఇంకేముంది, "దుబాయోడే తెచ్చిండు" అనేశారు.

అతని తల్లిదీ బీడీల పనే. ఏళ్లుగా ఆ అరుగు మీదే చాట ఒళ్లో పెట్టుకుని, నలుగురితో ముచ్చట్లాడుతూ చేసేది. పరీక్షలో ఆమెకు ఏమీ లేదని తేలినా అరుగు ఎక్కనివ్వలేదు. అందరికీ జ్వరాలు తగ్గాయి గానీ కోపం మాత్రం తగ్గలేదు. నేను శాంపిళ్ల కోసం మరోసారి ఆ ఊరికి వెళ్లినప్పుడు ఆమె తన గడపలో ఒక్కతే కూర్చుని ఆకు కత్తిరిస్తోంది.

"పని ఎట్లనన్న అయితది బిడ్డా. మాట్లాడనీకె మనిషి లేదు," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరిని తిట్టాలో తెలియక దారి పొడుగునా మా డ్రైవరును తిట్టాను.

ఆఖరికి రిపోర్టులు వచ్చాయి. అతనిది కొత్త రకం. అరుగు మీదివాళ్లందరిదీ అంతకుముందు నుంచీ మన దగ్గర తిరుగుతున్న పాత రకం. నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను.

"వైరస్ దొరికితే గింత సంబురమా?" అని మా డాక్టరు సారు నవ్వారు. దుబాయి నుంచి వచ్చినతన్ని ఫోనులో అడిగి, సరేనన్నాక, ఊళ్లో చెప్పి రమ్మని నన్ను పంపారు.

అరుగు ముందు నిలబడి జన్యువులు, మార్పులు అంటూ ఏదేదో చెప్పాను. ఒక్కరి తలకూ ఎక్కలేదు. నాకు విసుగొచ్చింది.

"రెండు వైరస్‌ల ఇంటిపేర్లు వేరమ్మా! ఆయన దగ్గరి నుంచే వస్తే మీ దానికి గూడ అదే ఇంటిపేరుండాలె గద!"

అది మాత్రం ఠక్కున అర్థమైంది. గడపలోంచి తల్లి గొంతు లేచింది.

"ఇన్నరా! ఇంటిపేరే కలువదంట! నా కొడుకును ఎట్ల బద్నాం జేసిండ్రే?"

"మరి మాకెవలు అంటిచ్చిండ్రు?" అని ఒకామె గొణిగింది. ఒకరి ముఖం ఒకరు చూసుకుని అందరూ ఫక్కున నవ్వారు. నేనూ ఆగలేకపోయాను. ఆ రోజంత హాయిగా నా ఉద్యోగంలో మరెప్పుడూ నవ్వలేదు.

దుబాయోడే తెచ్చిండని మొదట అన్న ఎదురింటామే లేచి వెళ్లి, తల్లి ఒళ్లోని చాట అందుకుంది.

"తప్పయింది అక్కా. లే, నువ్వు లేక ముచ్చటే సాగుతలేదు."

"నేను రాను, పో," అంది ఆమె. అంటూనే కొంగుతో కళ్లు తుడుచుకుని చెప్పులు వెతుక్కుంది.