సుభద్రగారు పెట్టని సంతకం

నిన్న జ్వరంతో వచ్చిన ఒకావిడ నా బల్ల ముందు నిలబడి కొంగు ముడి విప్పింది. అందులో సగానికి విరిచిన మాత్ర ఉంది. వానకూ చెమటకూ తడిసి, అంచులు పిండిలా రాలుతోంది. ముందురోజు నేనిచ్చిన మాత్రే. చేతిలోకి తీసుకోగానే దాని చేదు వాసన గొంతులోకి దిగింది. ఆ వాసన తగిలిందంటే నేను మరైగూడ ఆసుపత్రి గదిలో ఉండను. ఇనుప గనుల కొండ, దాని కింద ఎర్ర బురదలో రేకుల పాకలు, వాటి మధ్య కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నడిచే డాక్టర్ సుభద్రగారు కళ్ళ ముందుకొస్తారు. నాకు పని నేర్పింది ఆవిడే. చాలాకాలం ఆవిడ మీద కోపంతోనే బతికాను. ఆ కోపం పూర్తిగా పోయిందని ఇప్పటికీ చెప్పలేను.

గనులు జోరుగా నడిచే రోజుల్లో మా వైపు ఊళ్ళ నుంచి, భేజ్జి నుంచీ మరైగూడ నుంచీ, జనం మూటలు కట్టుకుని దంతెవాడ మీదుగా ఆ కొండకు పనికి పోయేవాళ్ళు. మా అన్న ఎర్రయ్య, వదిన ముత్తమ్మ కూడా అలాగే పోయారు. అమ్మ పోయాక నన్ను పెంచింది వదినే కాబట్టి నన్నూ వెంటబెట్టుకుపోయింది. తెలుగు, దోర్లి, హిందీ మూడూ వచ్చన్న ఒకే ఒక్క అర్హతతో కొండ మీది టౌన్‌షిప్ ఆసుపత్రిలో నన్ను పనికి తీసుకుని, అక్కడే ఉండడానికి చోటిచ్చారు. సుభద్రగారిది గోదావరి జిల్లా. నవ్వడం ఎక్కడో మరిచిపోయి వచ్చిన మనిషిలా ఉండేవారు. మొదటి వారంలోనే ఆవిడకు లోలోపల ఒక పేరు పెట్టుకున్నాను. అదేమిటో ఇక్కడ రాయను.

అప్పటికి కొండ కింది కూలీల క్యాంపులో మలేరియాకు పాత మందు పనిచేయడం మానేస్తోంది. మాత్రలు మింగిన మనిషే మళ్ళీ వణుకుతూ వచ్చేవాడు. కొందరికి జ్వరం తలకెక్కి, మాట పడిపోయి, ప్రాణం దక్కేది కాదు. అలాంటప్పుడు ఒక కొత్త మందు పరీక్షకు వచ్చింది. జ్వరం వచ్చినవాళ్ళలో కొందరికి కొత్తది, కొందరికి పాతది ఇవ్వాలి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఎవరికి ఏది అందిందో వాళ్ళకూ తెలియదు, ఇచ్చే మాకూ తెలియదు. చివర్లో లెక్క తేలితే, మందు మంచిదైతే, అది మా ఆసుపత్రికి వస్తుంది. అందరం ఆ ఆశ మీదే ఉన్నాం.

మందు ఇచ్చే ముందు ప్రతి మనిషికీ విషయమంతా చెప్పి ఒప్పించడం నా పని. మొదటిరోజు వచ్చిన ఒక పెద్దాయనకు నేను నా తెలివంతా చూపించి, బ్రహ్మాండమైన మందు వచ్చింది తాతా అని చెప్పాను. సుభద్రగారు నన్ను ఆపారు.

“పనిచేయకపోవచ్చని చెప్పావా?”

“అట్ల చెప్తే ఎవరు మింగుతరు మేడం?”

“మింగకపోతే మానేస్తారు. ముందు ఆ మాట చెప్పు. మెత్తగా చేసి చెప్పకు.”

చెప్పాను. పెద్దాయన నా మొహంలోకి చూసి, దోర్లిలో, “పనిచేస్తదో లేదో తెల్వంది మాకెందుకు పెడుతున్నరు బిడ్డా?” అన్నాడు. ఆయన ఏమన్నాడని సుభద్రగారు అడిగి తెలుసుకుని, “తెలుసుకోవడానికే అని చెప్పు. ఇంకేమీ కలపకు” అన్నారు. అలాగే చెప్పాను. ఆయన మాత్ర కోసం చేయి చాపాడు. తెలియనిది తెలియదని చెబితే మనుషులు పారిపోరని నాకు ఆ రోజే తెలిసింది.

మొదటి మోతాదు మా ఎదుటే మింగించి, మిగతా మాత్రలు ఇంటికిచ్చి పంపేవాళ్ళం. రోజూ కొండెక్కి వస్తే కూలి పోతుంది మరి. అన్నకూ వదినకూ ఒకేసారి జ్వరం వస్తే వాళ్ళకూ అలాగే ఇచ్చి పంపాం. కొన్నాళ్ళకు మైక్రోస్కోపు కింద రక్తం చుక్కలు చూస్తుంటే ఏదో తేడాగా కనిపించడం మొదలైంది. ఒకే ఇంట్లో వాళ్ళందరికీ జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెడుతోంది. సుభద్రగారు మైక్రోస్కోపు ముందు నుంచి లేచి, “పద, మీ వదినగారింటికి వెళ్దాం” అన్నారు.

డాక్టరమ్మ ఇంటికి వచ్చిందని వదిన పొంగిపోయింది. చాప వేసి, జావ ఇచ్చి, మాత్రలు ఎలా వేసుకుంటున్నావని సుభద్రగారు అడగ్గానే, దాచుకున్న ఆకు దొప్ప తెచ్చి సంబరంగా చూపించింది. అందులో తన మాత్రలూ మా అన్న మాత్రలూ ముక్కలు ముక్కలుగా కలిసిపోయి ఉన్నాయి.

“ఒకరికి కొత్తది, ఒకరికి పాతది అంటిరి. ఏది ఎవరిదో మీకే తెల్వదంటిరి. అందుకే రెండూ కలిపి పంచిన. పక్కింటి ముసలమ్మకు గూడ జ్వరముండె, ఆమెకింత పెట్టిన. కొత్తది ఇంటికొస్తే ఒక్కరే ఎట్ల తింటరమ్మా?”

మా వైపు కొత్త వడ్లయినా, కొత్త మామిడయినా పండుగ చేసి ఇంటిల్లిపాదికీ పెట్టనిదే ఎవరూ నోట పెట్టుకోరు. వదిన మందునూ అలాగే పంచింది. క్యాంపులో చాలా పాకల్లో జరిగిందీ అదే. సుభద్రగారు జావ మొత్తం తాగి, బాగుందని చెప్పి లేచారు. కొండెక్కుతుంటే మాత్రం, “తప్పు నాది. ఇంటికి ఇచ్చి పంపే ముందు ఇంట్లో ఇంకెవరికి జ్వరముందో అడగలేదు” అన్నారు.

పరీక్ష నడిపే పెద్దసారు పట్నం నుంచి వచ్చాడు. మంచివాడే. ఎవరి మాత్రలు వాళ్ళే మింగారన్న కాగితం మీద సంతకం పెట్టమని ఆసుపత్రి వరండాలో సుభద్రగారిని ఎంతగానో బతిమాలాడు. “అన్నిచోట్లా ఇలాంటివి ఉంటాయండీ. ఇది బయటపెడితే ఇక్కడ పరీక్ష ఎత్తేస్తారు. మందూ వెనక్కి పోతుంది. నష్టపోయేది మీ జనమే.”

“ఎవరు ఎంత మింగారో నాకు తెలియదు. తెలుసని సంతకం పెట్టలేను” అన్నారు సుభద్రగారు.

మందు పెట్టెలకు సీలు వేసి జీపెక్కిస్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాత్రల పట్టీ అయినా తీసి దాచమని సుభద్రగారికి చెప్పాను. ఆవిడ నా వైపు చూడలేదు.

మరుసటి వానల్లో వదినకు మళ్ళీ జ్వరం వచ్చింది. పాత మందు ఇచ్చాం, సూదులు వేశాం. ఏదీ పట్టలేదు. సుభద్రగారు భోజనానికి కూడా కదలకుండా మంచం పక్కనే కూర్చున్నారు. మధ్యాహ్నం కాస్త తెలివి వచ్చినప్పుడు వదిన ఆవిడ చేయి పట్టుకుంది.

“ఆ కొత్త మందుంటే పనిచేస్తుండెనా అమ్మా?”

“తెలియదు ముత్తమ్మా.”

చావబోయే మనిషి. చేసేదనో, చేసేది కాదనో ఏదో ఒకటి చెబితే ఏం పోయింది? వదిన తల పక్కకు తిప్పుకుంది. పొద్దు దిగకముందే పోయింది. నేను వరండాలోకి వచ్చి అందరూ వింటుండగా అరిచాను. “మీరొక్క సంతకం పెట్టి ఉంటే మా వదిన బతికేది.”

ఆవిడ “బతికేదేమో” అన్నారు. ఆ తర్వాత గోడకు ఆనుకుని కూలబడి, నా ఎదుటే ఏడ్చారు. నేను ఓదార్చలేదు. ఓదార్చాలని కూడా అనిపించలేదు.

ఆ మందు మంచిదేనని మరోచోట, మరెవరి ఒళ్ళ మీదో తేలింది. ఒకటి రెండు వానలు పోయాక మా ఆసుపత్రికీ వచ్చింది. పెట్టె విప్పిన రోజు సుభద్రగారు నన్ను పిలిచి, “ఇప్పుడు చెప్పు అందరికీ. ఇది పనిచేస్తుందని చెప్పు” అన్నారు. అప్పటి నుంచి మా ఆసుపత్రిలో ముందు ఇంట్లో ఇంకెవరికి జ్వరమని అడిగి, వాళ్ళ మందు వేరే కట్టి, తర్వాతే మనిషి చేతిలో మాత్ర పెట్టేవాళ్ళం. ఆవిడ బదిలీ మీద వెళ్ళిపోయారు, నేను మరైగూడకు తిరిగొచ్చాను. కొన్నేళ్ళకు ఆవిడ పోయారని ఎవరో చెబితే విన్నాను. చూడ్డానికి వెళ్ళలేదు.

నిన్న ఆ సగం మాత్ర పట్టుకుని నేను అడిగాను. “ఇంట్లో ఇంకెవరికి జ్వరం?” ముందురోజు అడిగితే ఎవరికీ లేదన్నది ఆవిడే. ఇప్పుడు తలవంచుకుని, “రాత్రి నుంచి మా అత్తకు గూడ కాలుతున్నది అక్కా, ఆమెకు సగం పెట్టిన” అంది. అత్తకు పూర్తి మందు వేరే కట్టి, సాయంత్రం నేనే వచ్చి మింగిస్తానన్నాను. ఆవిడకు కొత్త మాత్ర, గ్లాసుతో నీళ్ళు ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ మాత్రను అరచేతిలో అటూ ఇటూ తిప్పింది.

“ఇది పనిచేస్తదా అక్కా?”

వదినకు ఎవరూ చెప్పలేకపోయిన మాట అది. నీళ్ళ గ్లాసు ఆవిడకు దగ్గరగా జరిపాను.

“చేస్తది. మింగు” అన్నాను.