పిన్ని పాటలకు బాబాయి వేసిన టైంటేబుల్

మా బాబాయికి సంగీతం రాదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆయనకు మొహమాటమూ లేదు. పనిచేసినన్నాళ్ళూ బస్సు డిపోలో ఏ బండి ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి అని చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. డిపోలో ఆయన్ని 'టైంటేబుల్' అని పిలిచేవారు. మా పిన్ని మాత్రం 'ప్రశ్నలపుట్ట' అంటుంది. నన్నడిగితే ఆ పేరే ఆయనకు అతికినట్టు సరిపోతుంది. ఏది చూసినా ఎందుకు, ఎలా అని అడగాలి; జవాబు నచ్చకపోతే మళ్ళీ అడగాలి. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకుని కూడా, ఆ మిషను ఎలా తిరుగుతోందని చేతుల్తో సైగ చేసిన మనిషి.

నేను రికార్డింగు స్టూడియో నడుపుతాను. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోకండి. టైలరు షాపు మీద రెండు గదులు. ఒకదాంట్లో నేనూ నా కంప్యూటరూ, రెండోదాంట్లో పాడేవాళ్ళు, మధ్యలో అద్దం. రేడియో ప్రకటనలతోనూ స్కూలు పాటలతోనూ రోజులు గడుస్తుంటాయి. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని పేరు. శ్రుతి తప్పితే ఎంతటివాళ్ళకైనా మొహం మీదే చెప్పేస్తాను. అందుకే పేరున్న గాయకులెవరూ నా మెట్లెక్కరు. వాళ్ళ కోసం నేనూ దిగి వెళ్ళను.

ఒకరోజు పొద్దున్నే బాబాయి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా మొదలుపెట్టాడు.

"మీ పిన్ని పాటలు రికార్డు చెయ్యాలి అమ్మాయ్. ఏర్పాట్లన్నీ నేను చూసుకుంటాను. నువ్వు నీ మిషన్ల దగ్గర కూర్చుంటే చాలు."

"ఈ పని గురించి మీకేం తెలుసని చూసుకుంటారు బాబాయ్?"

"ఏమీ తెలీదు. అందుకేగా నీ దగ్గరికొచ్చింది. ఇంతకీ ఈ గోడలకి స్పాంజి ఎందుకు అంటించావు?"

పిన్ని బడిలో సంగీతం టీచరుగా చేసింది. పిల్లల కోసం కొన్ని, తన కోసం కొన్ని పాటలు కట్టుకుంది. వాటిలో ఆవిడకు బాగా ఇష్టమైనవి ఆరు. ఎప్పుడు రికార్డు చేద్దామన్నా "చేద్దాంలే, ఎక్కడికి పోతాయి?" అనేది. పాటలు ఎక్కడికీ పోలేదు, ఊపిరి పోవడం మొదలుపెట్టింది. ఊపిరితిత్తులు బిగుసుకుపోతున్నాయని, తగ్గిన ఊపిరి మళ్ళీ పెరగదని డాక్టరు చెప్పాడు. గలగలా మాట్లాడే మా పిన్ని రెండు మాటలకోసారి ఆగే స్థితికి వచ్చింది. బాబాయి తొందర అదీ.

ఆ ఆరింటిలోనూ వంతెన పాటంటే పిన్నికి ప్రాణం. పొడవాటి వంతెన మీద నడిచి అవతలి ఒడ్డుకు చేరే పాట. చివరి పాదం చాలా పెద్దది, దాన్ని ఒక్క ఊపిరిలో పాడాలి. వంతెన మధ్యలో ఆగితే ఎలా అని ఆవిడ వాదన. బళ్ళో పిల్లలు ఆ పాదం పాడలేక మొహాలు ఎర్రబడి పకపకా నవ్వేవారు. ఆవిడ మాత్రం అవలీలగా పాడేసి, "ఏరీ, ఎవరెవరు నీళ్ళలో పడ్డారు?" అని అడిగేది.

"మిగతావి ఎలా వచ్చినా ఏమీ అనుకోనే," అంది పిన్ని నాతో. "ఆ ఒక్కటీ సరిగ్గా ఉండాలి."

బాబాయి నా స్టూడియోకి రాకపోకలు పెంచాడు. అద్దం కొంచెం వాలుగా ఎందుకుంది? నిటారుగా ఉంటే మోత పుడుతుందా? మైకు ముందు ఆ గుడ్డ దేనికి? 'ప' అన్నప్పుడు గాలి తగలకుండానా? అయితే 'మ' అంటే తగలదా? చెప్పీ చెప్పీ నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒకసారి నేను ఎవరూ లేని గదిని రికార్డు చేస్తుంటే చూసి నివ్వెరపోయాడు. కోతలు పెట్టి అతికినచోట ఏమీ వినపడకపోతే చెవికి వెలితిగా తెలుస్తుందని, అందుకని అదే గది నిశ్శబ్దాన్ని కాస్త తీసి పెట్టుకుంటామని చెప్పాను. హెడ్‌ఫోన్లు లాక్కుని ఆ నిశ్శబ్దాన్ని మొదటినుంచి చివరిదాకా విన్నాడు.

"ఏమీ లేదనుకుంటాం గానీ, ఇందులో చాలా ఉందే!" అన్నాడు.

అసలు పేచీ ఏది ముందు రికార్డు చెయ్యాలన్న దగ్గర వచ్చింది. ముందు వాయిద్యం, దాని మీద గొంతు, అదీ పద్ధతి అన్నాను నేను.

"ఎందుకు?"

"అందరూ అలాగే చేస్తారు బాబాయ్."

"అది జవాబు కాదమ్మాయ్. వయొలిన్ వచ్చేనెల కూడా ఇలాగే మోగుతుంది. మీ పిన్ని?"

నాకు ఒళ్ళు మండింది, అయినా ఆయన మాటే నెగ్గింది. ముందు గొంతు పట్టుకోవాలని తీర్మానం అయింది. పాట ఎటు నడిస్తే అటు వెనకాల నడవాలని చెప్పగానే వయొలినిస్టు గింజుకున్నాడు. అతను ఒకప్పుడు పిన్ని దగ్గర నేర్చుకున్నవాడే. "తాళం లేకుండా ఆవిడ వెనకపడి పరిగెత్తమంటారా?" అన్నాడు. "బళ్ళో చేసింది అదేగా బాబూ," అన్నాడు బాబాయి.

మొదటిరోజే బాబాయి టైంటేబుల్ తలకిందులైంది. పిన్ని ఎప్పుడు పాడాలి, ఎంతసేపు ఒరగాలి, ఎప్పుడు వేడినీళ్ళు తాగాలి అన్నీ అనుకున్నాడు గానీ మెట్ల సంగతి మరిచాడు. పిన్ని పైకి వచ్చేసరికి మొహం పాలిపోయింది. కుర్చీలో కూలబడి, తెచ్చిన టీ చల్లారిపోయేదాకా మాట్లాడలేకపోయింది. ఇక పాటేం పాడుతుంది? బాబాయి కాసేపు ఆ మెట్లవంక కొట్టేలా చూసి, చప్పుడు చెయ్యకుండా కిందికి దిగిపోయాడు. ఎటు పోయాడా అని చూస్తే, టైలరు షాపులో నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. మతి పోయిందేమో అనుకున్నాను.

"అమ్మాయ్, నీ గదిలో కొడితే చప్పుడు కాస్తయినా తిరిగొస్తుంది. ఇక్కడ కొడితే రావడం లేదేమిటి?"

నేనూ కొట్టి చూశాను. నిజమే, రావడం లేదు. గోడ కనపడకుండా కోట్లు, కర్టెన్లు, గౌన్లు, స్కూలు యూనిఫారాలు వేలాడుతున్నాయి, మూలమూలనా బట్టల తానులు. రోజూ ఆ షాపు ముందునుంచే మెట్లెక్కేదాన్ని, నాకెప్పుడూ తట్టలేదు. టైలరు తన వారపు సెలవు రోజుల్లో షాపు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు, కుట్టిన కోట్ల మీద చెయ్యి వెయ్యకూడదన్న షరతు మీద. కిటికీలోంచి కిందికి పొడవాటి తీగలు దించాను. పిన్ని కింద బట్టల మధ్య, నేను పైన హెడ్‌ఫోన్లతో, ఇద్దరి మధ్యా ఫోను పట్టుకుని బాబాయి.

పిన్నికి ఆ చోటు తెగ నచ్చింది. "ఇంతమంది నిలబడి వింటుంటే పాడకేం చేస్తాను?" అంది వేలాడుతున్న కోట్లను చూపించి. మొదటి పాట హాయిగా వచ్చేసింది. రెండో పాటప్పుడు కింద ఏదో జుమ్మంటోందని చెప్పాను. బాబాయికి అంతకంటే ఏం కావాలి? ఆ మోత ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కునే పనిలో పడి, ఏ ట్యూబులైటో తేలక, పాట సగంలో ఉండగా మెయిన్ స్విచ్ కట్టేశాడు. షాపుకీ నా స్టూడియోకీ ఒకటే లైను. కింద పిన్ని మసకచీకట్లో అద్భుతంగా పాడుతోంది, పైన నా కంప్యూటరు చచ్చి కూర్చుంది. అరుచుకుంటూ కిందికి పరిగెత్తాను.

"పైనా కిందా కరెంటు ఒకటేనా? ఎందుకలా పెట్టారు?" అని బాబాయి, కోట్లకు కాపలా వచ్చిన టైలరును నిలదీస్తున్నాడు.

పిన్ని నవ్వలేక నవ్వి, ఆయాసపడి, చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ నవ్వింది. ఆ పాటను తరవాతి సెలవు రోజున మళ్ళీ పాడించాం. ఈసారి బాబాయి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

వంతెన పాటను బాబాయి ఆఖరి పాటగా అట్టేపెట్టలేదు. పిన్నికి ఏ రోజు ఏ పూట ఊపిరి తేలిగ్గా ఆడుతోందో కనిపెట్టి చూసి, ఒక పొద్దున "ఇవాళే" అన్నాడు. ఆవిడ ఎదురుగా టైలరు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నాకు పైన ఏమీ కనపడదు, వినపడటమే. పాట బాగా సాగింది. ఇంత బాగా ఈమధ్య విననే లేదు. చివరి పాదం ఎత్తుకుంది. సగం దాటింది. అక్కడ గొంతు ఆగిపోయింది.

హెడ్‌ఫోన్లలో ఏమీ లేదు. గది ఒక్కటే వినపడుతోంది. లేచి నిలబడ్డాను. ఎంతసేపని చెప్పలేను. అప్పుడు ఒక ఊపిరి వినపడింది. అడుగునుంచి గీరుకుంటూ పైకొచ్చిన ఊపిరి. మిగిలిన సగం పాదం దాని వెంటే వచ్చి, ఒడ్డు చేరింది.

"ఇంకొక్కసారి పాడతాను," అంది పిన్ని.

"వద్దు," అన్నాడు బాబాయి. ఆయన ఎందుకని అడక్కుండా, ఏమని అడక్కుండా ఒక్కమాటతో తేల్చెయ్యడం నేనెన్నడూ వినలేదు.

ఆ తరవాత మిగిలిన పాటలు మెల్లగా పాడింది గానీ, వంతెన పాటకు సరిపడే ఊపిరి మళ్ళీ రాలేదు. పిన్నికి ఇంట్లో ఆక్సిజన్ పెట్టారు. మాకున్నది ఆ ఒక్క రికార్డే.

వయొలినిస్టు వచ్చి పైగదిలో కూర్చుని, ఆవిడ గొంతు వింటూ వాయించాడు. వంతెన పాటలో ఆవిడ ఆగినచోట కమాను ఎత్తి తనూ ఆగాడు. తరవాత కోతలు, అతుకులు, గొంతునూ వయొలిన్‌నూ సమంగా కలపడం నా పని. బాబాయి పక్కనే కూర్చుని చూసేవాడు. ఆ ఊపిరిని తీసేసి రెండు ముక్కలూ కలిపితే ఒకే ఊపిరిలో పాడినట్టుంటుందని చెప్పాను.

"రెండు బస్సులు మారి వచ్చినవాణ్ణి ఒకే బస్సులో వచ్చాడని రాసినట్టు ఉండదూ?" అన్నాడు.

నాదీ అదే అభిప్రాయం. ఉన్నది ఉన్నట్టు ఉంచుదాం, ఆ ఊపిరి వింటే రాయి కూడా కరుగుతుంది అన్నాను. ఇద్దరం తలలూపుకున్నాం. పిన్నిని అడగాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

పూర్తయ్యాక ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పిన్ని కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది, ముక్కుకు సన్నటి గొట్టం. అయిదు పాటలూ మురిసిపోతూ వింది. వయొలిన్ ఒకచోట తొందరపడగానే "వీడింకా మారలేదు," అని నవ్వింది. ఆరో పాట వచ్చింది. ఆ ఊపిరి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మొహం మాడిపోయింది.

"ఇది తీసెయ్యడం... కుదరదా?"

"కుదురుతుంది పిన్నీ. కానీ జరిగింది అదే కదా. అదే నిజం కదా."

పిన్నికి కోపం వచ్చింది. గట్టిగా అరవడానికి శక్తి లేక, ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"పాట నాదే. ఆయాసం... జబ్బుది. నా పాటలో దానికీ... వాటా ఇస్తావా? జాలిపడేవాళ్ళు... ఇంటికి వస్తూనే ఉన్నారు, చాలు. పాట విన్నవాళ్ళు... వంతెన దాటాలే. మధ్యలో నన్ను చూస్తూ... నిలబడిపోకూడదు."

బాబాయివంక చూశాను, ఆయన నేలవంక చూస్తున్నాడు. అక్కడే కూర్చుని ఊపిరిని కోసి తీశాను. వయొలిన్ కూడా అక్కడ ఆగింది కాబట్టి అతుకు తెలియకుండా కుదిరింది. మళ్ళీ పెట్టాను. పిన్ని కళ్ళు మూసుకుంది, వేళ్ళు కుర్చీ చేతిమీద తాళం వేశాయి. చివరి పాదం ఎక్కడా ఆగకుండా అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయింది. ఆవిడ కళ్ళు తెరిచింది.

"ఇదీ నేను," అంది. "ఇన్నేళ్ళూ... ఇలాగే పాడానే."

నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. పిన్ని మాత్రం ఏడవలేదు. మళ్ళీ పెట్టమంది, మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంది. నన్ను చూసి, "నువ్వు నీళ్ళలో పడ్డావే," అని ఆటపట్టించింది.

వెళ్ళొస్తానని లేస్తే బాబాయి గేటుదాకా వచ్చాడు. ఏదో అడగబోయి ఆగాడు. ఆయన అడగబోయి ఆగడం నాకు కొత్త.

"అమ్మాయ్, ఇందాక తీసేశావే, అది ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికీ పోదు బాబాయ్. పాటలో వినపడదు, అంతే. అసలు రికార్డింగులో అలాగే ఉంటుంది."

"అయితే ఆ ముక్క ఒక్కటీ నా ఫోన్లో పెట్టు. మీ పిన్నికి చెప్పకు."

"అందులో పాట ఏమీ లేదు బాబాయ్, ఊపిరి ఒక్కటే. దాన్నేం చేసుకుంటారు?"

ఆయన గేటు గడియ తీసి పట్టుకున్నాడు.

"ఆవేళ ఆవిడ ఆగిపోయినప్పుడు ఎదురుగా నేనున్నానమ్మాయ్. నువ్వు పైన తరవాతి మాట కోసం చూశావు. నేను దీనికోసం చూశాను."