మైనం బాతు

రెండో తరగతి టీచర్‌కి అనుమానం అనేది పుట్టుకతోనే లేదని ఆ బళ్ళో అందరూ అనుకునేవాళ్ళు. వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు వినబడితే చాలు, పిల్లలు బెంచీల్లో సర్దుకుని కూర్చునేవాళ్ళు. ఏ మాటైనా కుండ బద్దలు కొట్టినట్టు చెప్పడమే తప్ప నీళ్ళు నమలడం ఆవిడకు చేతకాదు. తోటి టీచర్లు చాటుగా "ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అని నవ్వుకునేవాళ్ళు. అలా నవ్వుకునేవాళ్ళే తమ పిల్లల్ని మాత్రం ఆవిడ తరగతిలో వెయ్యమని హెడ్‌మాస్టర్‌ని బతిమాలుకునేవాళ్ళు. లోకం తీరు అంతే మరి.

వేడి పాఠం చెప్పే రోజులొస్తే ఆవిడకి ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఆవిడ భర్తకి బజారు మూల మీద బేకరీ ఉంది. అక్కణ్ణుంచి చిన్న కేకులు కాల్చే రేకు గిన్నెలు, పచ్చి పిండి ముద్ద, పొగలు పోని రొట్టె, నాలుగు గుడ్లు సంచిలో వేసుకుని బయల్దేరేది. పాఠం చెప్పడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. ఈ పాఠాన్ని నిజంగానే వెన్నతో మొదలుపెట్టేది. ముందు పిల్లల చేత ఊహించి చెప్పించేది: కరుగుతుందా, కరగదా? చల్లారాక మునుపటిలా అవుతుందా, అవదా? చెప్పేదాకా కరెంటు స్టవ్ స్విచ్ వేసేది కాదు. తప్పు చెప్పినా ఫరవాలేదు, చెప్పకుండా ఉంటే మాత్రం ఊరుకునేది కాదు.

వెన్న కరిగి మళ్ళీ గట్టిపడేది. ఐసు ముక్క నీరై, ఆఫీసు గదిలోని ఫ్రిజ్‌లో రాత్రంతా ఉండి, తెల్లారేసరికి మళ్ళీ ముక్కై వచ్చేది. ఉడికిన గుడ్డుని ఎంతసేపు చల్లబెట్టినా పచ్చి గుడ్డు అయ్యేది కాదు. రొట్టె ఎన్నటికీ పిండి ముద్ద కాలేదు. చివర్లో తరగతంతా ఒకే గొంతుతో పాడేది: "కరిగింది తిరిగొస్తుంది, ఉడికింది తిరిగిరాదు." ఆ పాట ఆవిడ సొంతం. పిల్లలు దాన్ని ఇళ్ళకి మోసుకెళ్ళి, పొయ్యి దగ్గరున్న పెద్దవాళ్ళందరికీ పాఠాలు చెప్పి ప్రాణాలు తోడేసేవాళ్ళు. ఆ ఫిర్యాదులు వింటే ఆవిడకి ఎక్కడలేని సంతోషం.

ఆ ఏడు తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఏం చెప్పాలన్నా దగ్గరికొచ్చి చెవిలో చెప్పేది కాబట్టి అందరూ 'గుసగుస' అని పిలిచేవాళ్ళు. ఐసు పాఠం అయిన మర్నాడు, కరిగే వస్తువు ఏదైనా ఒకటి ఇంటినుంచి తెమ్మని టీచర్ చెప్పింది. తెచ్చిన రోజు ఎవరికి వాళ్ళకి ఒక రేకు గిన్నె ఇచ్చింది. అందరూ కొవ్వొత్తి ముక్కలూ, విరిగిన మైనం రంగులూ తెచ్చి వేశారు. వేడినీళ్ళ పళ్ళెంలోకి చెయ్యి పెట్టబోతున్న ఒక బడుద్ధాయిని టీచర్ అవతలికి లాగుతుండగా, గుసగుస తన గిన్నెలో పసుపుపచ్చది ఏదో వేసింది. టీచర్ పరాకుగా చూసింది. కొవ్వొత్తి ముక్కే అనుకుంది.

గిన్నెలు చల్లారి బిళ్ళలు తేలాయి. పిల్లలు ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుని గోల గోలగా వెళ్ళిపోయారు. గుసగుస మాత్రం తన బిళ్ళ పట్టుకుని టీచర్ చెవి దగ్గరికొచ్చింది.

"టీచర్, నా బాతు ఎప్పుడొస్తుంది?"

ఏం బాతని అడిగితే అప్పుడు బయటపడింది అసలు సంగతి. పిల్ల వాళ్ళ అమ్మమ్మ ఒకప్పుడు కొవ్వొత్తుల కార్ఖానాలో పనిచేసేది. మిగిలిన మైనంతో తన చేత్తో చేసిన బాతు అది. ఇప్పుడు ఆవిడ చేతులు గ్లాసు పట్టుకోలేనంతగా వణుకుతున్నాయి. అలాంటి బాతుని తెచ్చి గిన్నెలో పడేసిందీ పిల్ల, కరిగి మళ్ళీ వస్తుంటే చూద్దామని. ఐసు ముక్క అచ్చం అలాగే తిరిగి రాలేదా మరి? ఐసు తిరిగొచ్చింది తన ఆకారంతో కాదు, ఫ్రిజ్‌లోని ట్రే ఆకారంతో. ఆ ఒక్క ముక్కా ఆవిడ ఏ ఏడూ చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు.

నిజం చెప్పాల్సిన చోట, నీళ్ళు నమలడం చేతకాని ఆ మనిషి మొట్టమొదటిసారి నీళ్ళు నమిలింది. "రేపు చూద్దాంలే" అని బిళ్ళ తీసి సంచిలో వేసుకుంది. పిల్ల తలూపి హాయిగా వెళ్ళిపోయింది. ఆ హాయే టీచర్‌ని ఇంటిదాకా పొడుస్తూ వచ్చింది.

సాయంత్రం బేకరీలో సంగతంతా విని భర్త తేలిగ్గా నవ్వేశాడు. పుట్టినరోజు కేకులకి వాడే అచ్చుల్లో బాతు అచ్చు కూడా ఉందన్నాడు. ఇదే మైనం, ఇదే రంగు, పోస్తే సరి, పిల్ల సంతోషిస్తుంది, పాటా నిలబడుతుంది అన్నాడు. ఆయన ఉద్దేశం మంచిదే. టీచర్ మైనం కరిగించి అచ్చులో పోసింది. చల్లారాక బాతు నున్నగా, ముద్దుగా, ముక్కుతో సహా వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బాగా వచ్చిందిగా. ఇంకేంటి నీ బాధ?" అన్నాడాయన.

"ఇది ఇచ్చానంటే రేపట్నుంచి ఆ పిల్ల నా మాట ఇంకా ఎక్కువ నమ్ముతుందండీ. అదే నా బాధ."

మర్నాడు తరగతిలో అడుగుపెట్టగానే గుసగుస ఎదురొచ్చింది. అడిగేలోపే టీచర్ నేలమీద కూర్చుంది, పిల్ల కళ్ళూ తన కళ్ళూ ఒక ఎత్తులోకి వచ్చేలా. చెవిలో కాదు, తరగతంతా వినేలా చెప్పింది.

"మైనం వచ్చిందమ్మా, బాతు రాలేదు. రాదు కూడా. నేను నీకు సగం పాఠమే చెప్పాను. నిన్న సాయంత్రం ఈ బాతుని నేనే అచ్చులో పోశాను, అదే తిరిగొచ్చిందని నీకు చెబుదామనుకున్నాను. అది అబద్ధం."

గుసగుస బాతుని తీసుకుని తిరగేసింది. రెక్క కింద బొటనవేలు పెట్టి ఏదో వెతికింది. అక్కడ అమ్మమ్మ వేలు నొక్కిన గుంట ఉండేదట, అందులో తన వేలు సరిగ్గా పట్టేదట. "లేదు," అంది, ఈసారి చెవిలో కాకుండా గట్టిగానే. ఆ తర్వాత ఏడ్చింది. టీచర్ పక్కనే కూర్చుని ఏడవనిచ్చింది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. తన పాట ఎన్ని ఇళ్ళు దాటిందో టీచర్‌కి తెలుసు, అందుకే ఆ రోజే సరిదిద్దింది. బిళ్ళగా మారిన మైనాన్నీ, కరగకముందు దానికున్న ఆకారాన్నీ పలకమీద పక్కపక్కన గీయించింది. ఏది తిరిగొచ్చింది, ఏది రాలేదు అని ప్రతి పిల్లచేతా చెప్పించింది. కొత్త పాట కట్టలేదు. పాటలతో చాలింక అనుకుంది.

బడి వదలగానే పిల్ల చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. అమ్మమ్మ కిటికీ పక్కన కుర్చీలో ఉంది, చేతులు ఒళ్ళో వణుకుతున్నాయి. తప్పు తనదేనని చెప్పడానికి టీచర్ దారంతా మాటలు కూర్చుకుంది. తీరా ఆవిడ నోరు తెరిచేలోపే పిల్ల ముందుకెళ్ళింది.

"అమ్మమ్మా, నీ బాతుని నేనే కరిగించాను. మైనం ఉంది. బాతు ఇంక రాదు."

ముసలావిడ అచ్చు బాతుని రెండు చేతులతో పట్టుకుని చూసి నవ్వింది. "ఇంత నున్నగా నేనెప్పుడు చేశానే? నావన్నీ వంకర మెడలే" అంది. తర్వాత టీచర్ వైపు తిరిగి, "పిల్లకి నిజం చెప్పారు, అంతే చాలమ్మా. నా చేతులు బాగవుతాయని ఇంట్లో అందరూ నాకు రోజూ చెబుతారు. బాగవవని నాకు తెలుసు. ఒక్కరైనా ఆ మాట అంటే ప్రాణం తేలికపడేది" అంది.

టీచర్ ఆవిడ చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. ఏం అనాలో టీచర్‌కి ఎప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలిసింది. "బాగవవమ్మా," అంది. ముసలావిడ కళ్ళు తుడుచుకుని, వేడినీళ్ళ గిన్నె తెమ్మని మనవరాలికి పురమాయించింది. అచ్చు బాతుని ఆ నీళ్ళలో మెత్తబరచమంది. మెడ ఎలా లాగాలో, తోక ఎక్కడ చిదమాలో కుర్చీలోంచే చెప్పింది. పిల్ల చేసింది.

వచ్చిందాన్ని బాతు అనడానికి చాలా ధైర్యం కావాలి. ఒక రెక్క అసలు లేదు, మెడ ఒంటె మెడలా ఉంది. దాన్ని గుసగుస బడికి తెచ్చి, కిటికీ గట్టు మీద పెట్టి, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తర్వాతి వారం టీచర్ మళ్ళీ కరెంటు స్టవ్ బల్ల మీద పెట్టింది. పిల్ల లేచి బాతుని రెండు చేతుల్లోకి తీసుకుని, గదిలో అందరికంటే వెనకనున్న బెంచీ దాకా నడిచి వెళ్ళింది. ఆ పిల్ల అక్కడ కూర్చుని సరేనని తలూపేదాకా టీచర్ స్విచ్ మీద వేలుంచి, నొక్కకుండా ఆగింది.