యావరేజీలో ఆటలు

మా బడికి సాఫ్ట్‌వేర్ వచ్చిన ఏడాది నేను పదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. ఎమ్మిగనూరులో ఇల్లు, ఆదోనిలో ఉద్యోగం. పొద్దున బస్సులో సీటు దొరికితే ఆ రోజు పిల్లలకు తిట్లు తక్కువ. లెక్కలొచ్చినామెకు కంప్యూటర్ కూడా వచ్చే ఉంటుందని మా కరస్పాండెంట్ సారు నమ్మకం. అందుకే మార్కులు, గ్రేడ్లు, యావరేజీలు అన్నీ నా నెత్తినే పెట్టాడు.

ఎన్ని మార్కులకు ఏ గ్రేడు, ఏ గ్రేడుకు ఎన్ని పాయింట్లు అనేది ముందే నింపాలి. అది సులువుగానే అయింది. తర్వాత యావరేజీలో ఏ సబ్జెక్టుకు ఎంత విలువ ఇవ్వాలో చెప్పమంది సాఫ్ట్‌వేర్. సారును అడిగాను. ఆయన అప్పుడే ఎక్కడో సన్మానం చేయించుకుని వచ్చాడు, శాలువా ఇంకా భుజం మీదే ఉంది.

"మన బడిలో పెద్ద సబ్జెక్టు, చిన్న సబ్జెక్టు అని లేదమ్మా. అన్నీ సమానమే అని పెట్టు."

"ఆటలు కూడానా సార్?"

"ఆటలు మాత్రం ఏం పాపం చేసినాయి?"

సరేనని పెట్టేశాను.

మా ఆటల సారు నోరులేని మనిషి. సిలబస్ కాలేదని ఆయన పీరియడ్లను నేనూ సైన్సు మేడమూ వంతులేసుకుని లాక్కునేవాళ్ళం. ఆయన ఏనాడూ కాదనలేదు. గోడ నీడలో కుర్చీ వేసుకుని విజిల్ తుడుచుకుంటూ కూర్చునేవాడు. అలాంటి మనిషిని గ్రేడ్లు వేయమంటే పొంగిపోయాడు. క్లాసునంతా గ్రౌండుకు తోలి, పరిగెత్తించి, దుమికించి, నిజాయితీగా వేశాడు. ఆ నిజాయితీయే మా కొంప ముంచింది.

క్వార్టర్లీ ఫలితాలు తల్లిదండ్రుల ఫోన్లకు వాటంతటవే వెళ్ళిపోయాయి. ఎప్పుడూ ఫస్టు వచ్చే పత్తి వ్యాపారి కొడుకు నాలుగో ర్యాంకుకు జారాడు. చదివే ఆరు సబ్జెక్టుల్లోనూ ఏ-వన్, ఆటల్లో డి. లెక్కలతో సహా మూడిట్లో ఏ-టూ, మిగతా మూడిట్లోనూ ఆటల్లోనూ ఏ-వన్ తెచ్చుకున్న ఖోఖో పిల్ల ఫస్టు. ఆ పిల్లది కోసిగి పక్క పల్లె, ఆదోనిలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేది.

మర్నాడు పొద్దున్నే వ్యాపారి ఆఫీసు గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

"ఏంది సార్ ఇది? పరిగెత్తేదానికి మార్కులా? మావాణ్ణి ఏమన్నా దొంగతనానికి పంపిస్తామా?"

కరస్పాండెంట్ సారు నా వైపు చూశాడు. నేను శాలువా మాట ఎత్తకుండా, "అన్నీ సమానమని పెట్టినాం కదా సార్" అన్నాను.

"గ్రేడు కట్టేది నాకు నేర్పించొద్దండి మేడం. పుట్టినప్పటినుంచీ పత్తికి అదే పని చేస్తాండాను. పత్తిని పత్తితోనే చూస్తాం. వేరుశెనక్కాయలు కలిపి యావరేజీ తీస్తామా?"

సారు మెత్తబడి, ఆటలు తీసేసి మళ్ళీ ర్యాంకులు వేయమని నాకు చెప్పబోతుండగా, తలుపు దగ్గర ఒకామె నిలబడింది. ఖోఖో పిల్ల వాళ్ళమ్మ.

"మా పాప ఫస్టు వచ్చిందంట, నిజమేనా మేడం? పత్తి తీసేదానికి గుంటూరు దిక్కు పోతాండాం. పోయేముందర మీ నోటితో ఒకసారి ఇని పోదామని వచ్చినా."

సారు బల్లమీది పెన్ను తీసి మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. నేను సారు వైపు చూశాను. చివరికి వ్యాపారే కుర్చీలోంచి కొంచెం తిరిగి, "నిజమేనమ్మా. అందరి ఫోన్లకూ వచ్చింది" అన్నాడు. ఆమె ముగ్గురికీ దండం పెట్టి వెళ్ళింది. ఆయన లేచి, "ఈసారికి ఉండనీయండి. పైసారి మాత్రం సరిగ్గా చెయ్యండి" అని చెప్పులేసుకున్నాడు.

అప్పటినుంచి హాఫ్ ఇయర్లీ దాకా ఆటల సారు బతుకే మారిపోయింది. నేను అలవాటుగా పీరియడ్ అడగబోతే, "కుదరదు మేడం, పిల్లల యావరేజీ పోతుంది" అన్నాడు. తల్లులు ఆయన కోసం గేటు దగ్గర కాచుకునేవాళ్ళు. పత్తి వ్యాపారి తెల్లారి కొడుకును మున్సిపల్ గ్రౌండుకు తీసుకుపోతున్నాడని, పంచె ఎగగట్టి వాడి వెనకే తానూ పరిగెత్తుతున్నాడని పిల్లలు నవ్వుకుంటూ చెప్పారు.

హాఫ్ ఇయర్లీకి నేను సారుతో మాట్లాడి, ఆటల విలువ పావు వంతుకు తగ్గించాను. వ్యాపారి కొడుకు మళ్ళీ ఫస్టు. ఖోఖో పిల్ల మూడో ర్యాంకుకు దిగింది కానీ, లెక్కల్లో ఏ-వన్ తెచ్చుకుంది. ఇక గొడవ లేదనుకున్నాను.

ఆ వారమే వ్యాపారి మళ్ళీ వచ్చాడు. పొట్ట కొంచెం తగ్గింది.

"మావాడు ఆటల్లో డి నుంచి బి-వన్‌కు వచ్చినాడు మేడం."

"చూసినాను. చాలా సంతోషం."

"సంతోషం సరే. ఇద్దరం ఇంత కష్టపడి పరిగెత్తితే, దానికి పావు వంతేనా విలువ? ఇదేం న్యాయం?"