మా ఆవిడ చెప్పని సాక్ష్యం

గోపన్‌పల్లిలో మా పాత ప్రార్థన మందిరం ఉన్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. మొన్న ఆ దారిన వెళుతూ ఆ గేటు ముందు కాసేపు ఆగాను. గోపన్‌పల్లి ఇంకా ఊరుగానే ఉన్న రోజులు నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. మా మందిరం అంటే ఒక రేకుల షెడ్డు, నాలుగు చాపలు. మా ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ షెడ్డులో మొదలైన ఒక సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అప్పటికి నాకు ముప్పై అయిదు దాటాయి, హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడర్‌ని. పుట్టుకతో క్రైస్తవుణ్ణే అయినా, ఒక ఉపవాస ప్రార్థనలో మోకరించి ఉండగా దేవుడు నన్ను పేరు పెట్టి పిలిచినట్టు అనిపించి చాలాసేపు ఏడ్చాను. ఆ ఏడుపు అబద్ధం కాదని ఇప్పటికీ అనగలను. ఆ తరువాత ఆఫీసులో నా కోపం తగ్గింది, కిందివాళ్ళ తప్పులను నెమ్మదిగా చెప్పడం నేర్చుకున్నాను, అందరూ మెచ్చుకున్నారు. ఇంట్లో మెచ్చుకునేవాళ్ళు లేరు గనక కోపమంతా అక్కడే మిగిలింది. మూత సరిగా పట్టలేదని టిఫిన్ బాక్సును వంటింటి గట్టు మీద విసిరికొట్టి, ఆ ఉదయమే ఆఫీసు బస్సులో పక్క సీటాయనకు లింగంపల్లి నుంచి మాదాపూర్ దాకా దేవుని ప్రేమ గురించి చెప్పిన రోజు ఒకటి ఉంది.

మా సంఘంలో ఒక అలవాటు ఉండేది. ఎవరైనా తమ బ్రతుకు మారిందని సాక్ష్యం చెబితే, పాస్టరుగారు వాళ్ళ ఇంట్లోవాళ్ళను కూడా లేపి ఒక మాట అడిగేవారు. ఒక ఆదివారం నేను నిలబడి, దేవుడు నా కోపాన్ని తీసివేశాడని, ఆఫీసు సంగతులన్నీ ఉదాహరణలుగా చెప్పి కూర్చున్నాను. గుంటూరు వైపు మనిషైన పాస్టరుగారు నవ్వుతూ మా ఆవిడ వైపు తిరిగి, “ఏమ్మా, ఇంట్లో కూడా ఇంతేనా అండి, లేక ఈ నెమ్మదంతా మాకు చూపించడానికేనా?” అన్నారు. అందరూ నవ్వారు. ఆమె లేచి కొంగు సర్దుకుని, “ఆయన కోసం ప్రార్థన చేయండి అయ్యగారూ,” అని మళ్ళీ కూర్చుంది.

అది వినయమనుకుని అందరూ స్తోత్రం అన్నారు. కాదని నాకు తెలుసు. ఇంట్లో అడుగు పెట్టగానే, నలుగురిలో నా పరువు తీశావని అరిచాను. ఆమెది సంగారెడ్డి దగ్గర పల్లె, ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషి. ఆ రోజు మాత్రం, “మరేం చెప్పమంటరు? దేవుని ముందట నిలబడి అబద్ధమాడమంటరా? నాతోని కాదు,” అంది. మంచినీళ్ళ కోసం వంటింట్లో ఆమె వెనక గూట్లో ఉన్న గ్లాసుకు చెయ్యి చాపాను. ఆమె చటుక్కున ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

నేను ఆమెను ఎన్నడూ కొట్టలేదు. ఆ మాట నాలో నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది నాకేమీ సాయం చేయలేదు. ఉపవాస ప్రార్థనలో నన్ను పిలిచినవాడు ఆ వంటింట్లో నన్ను చూశాడు. ఈసారి ఏడుపు రాలేదు.

ఆ తరువాత మారాను అని రాయడానికి చెయ్యి ఆడడం లేదు. బాక్సు నేనే సర్దుకోవడం మొదలుపెట్టాను. కోపం వస్తే మెట్లు దిగి రోడ్డు మీదకు వెళ్ళిపోయేవాణ్ణి. రోజుకు రెండు మూడుసార్లు దిగిన వారాలున్నాయి. నేను వంటింట్లోకి వస్తే ఆమె పక్కకు ఒదిగిపోవడం మానడానికి ఏళ్ళు పట్టింది. క్షమించమని అడగడానికి నాకు అంతకంటే ఎక్కువ పట్టింది.

చివరి రోజుల్లో ఆసుపత్రిలో, మందు ఆలస్యమైందని నేను నర్సు మీద గొంతు పెంచితే, మా ఆవిడ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, “ఫికర్ చేయకు బిడ్డా, ఇప్పుడు మంచోడే. జర తొందర, గంతే,” అంది. నర్సు నవ్వింది. నేను తల దించుకున్నాను. ఎవరూ అడగకుండా ఆమె నా గురించి చెప్పిన మాట అదొక్కటే. అందులో ‘ఇప్పుడు’ దగ్గర నేను ఇంకా ఆగిపోతుంటాను.

మా సంఘం ఈ రోజుల్లో కోకాపేటలో ఒక ఏసీ హాల్లో కూడుతోంది. సాక్ష్యాలను వీడియో తీసి తెర మీద వేస్తారు, బాగానే ఉంటాయి. ఇంట్లోవాళ్ళను లేపి అడగడం ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తు లేదు. అది పోవడం మొదట్లో నాకూ హాయిగానే ఉండింది. ఇవాళ ఎవరైనా ఆ అలవాటును మళ్ళీ తెచ్చినా, నేను చెప్పింది నిజమో కాదో చెప్పగలిగిన ఒక్క మనిషి ఆ వరుసల్లో లేదు.