మలుపుకో కథ

మా బాబాయి ముప్ఫై మెట్లెక్కితే ఒక కథ చెప్పనిదే ముప్ఫై ఒకటో మెట్టు మీద కాలు పెట్టడు. ఆయన కాపురముండేది కొండకు అతికించినట్టుండే పేటలో. అక్కడ వీధులన్నీ మెట్లే. కింది ఇంటివాడి డాబా పై ఇంటివాడి వాకిలి. బస్సు దిగినవాడు బాబాయి ఇల్లు చేరాలంటే రెండు వందల డెబ్బై మెట్లెక్కాలి. అలాంటి చోట కాళ్లతోపాటు నోరు కూడా నడిచే మనిషి వెంటపడితే వినేవాడి గతేమిటో మీరే ఆలోచించండి. ఆ వినేవాణ్ణి నేను.

నేను డ్రిల్లు మాస్టారిని. అంటే, ఒకప్పుడు. జబ్బుచేసి మూడు నెలలు మంచంలో ఉండి లేచేసరికి ఊపిరితిత్తులు సగం పని మానేశాయి. బడికి వెళ్లిన మొదటిరోజు ఈల ఊదితే పిల్లి మూలిగినట్టు చప్పుడొచ్చింది. పిల్లలు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఆ వారమే నా స్థానంలో ఇంకొకర్ని వేశారు. పోయిన సగం తిరిగి రాదని, ఉన్న సగం నిలవాలంటే రోజూ నడవాలని డాక్టరు తేల్చేశాడు. మా పిన్ని కబురుపెట్టి తన దగ్గరికి రప్పించుకుంది. ఇద్దరు కూలీలు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కొండెక్కించారు. ముప్ఫై ఎనిమిదేళ్లకు, అదీ బతికుండగానే, మోయించుకున్న ఘనత మా వంశంలో నాదే. వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాను.

నాలుగోరోజు బాబాయి నా చెప్పులు తెచ్చి మంచం పక్కన పెట్టాడు. "లేరా, మా పేట చూద్దువుగాని." చూసి ఏం చెయ్యాలని అడిగాను. "చూశాక చెబుతా" అన్నాడు.

బాబాయి పైపుల మేస్త్రీ. నలభై ఏళ్లు ఆ కొండమీద నీళ్ల గొట్టాలు బిగించినవాడు కాబట్టి ఏ ఇంటి గుట్టయినా తెలిసే ఉంటుందనుకున్నాను. మొదటి మలుపులోనే ఆగి నీలం తలుపు చూపించాడు. ఆ ఇంటాయన గురక ధాటికి కొళాయి మరలు ఊడిపోయేవట. తనే ఏడాదికి మూడుసార్లు వచ్చి బిగించేవాడట. రెండో మలుపులో కుట్టుపనావిడ ఇల్లు. ఆవిడ మామగారు ఎలుగుబంటిని పెంచాడట. దాని స్నానానికి ప్రత్యేకంగా లావుపాటి గొట్టం వేయాల్సొచ్చిందట. ఆ ఎలుగు ఏమైందని అడగబోతే, "పద, మిగతాది తర్వాత" అని మెట్లెక్కేశాడు.

అదీ ఆయనతో చిక్కు. మొదలుపెట్టేటప్పుడు మనల్ని అడగడు, ఆపేటప్పుడు కథనడగడు. ఒక దొంగను కిటికీలో సగం దూరి ఉండగా వదిలేశాడు. వారమైనా వాడక్కడే ఉన్నాడు.

ఒకరోజు విసుగొచ్చి అన్నాను: "బాబాయ్, నాకు మిగిలిందే సగం ఊపిరి. అది కాస్తా నీ కథలకే సరిపోతోంది."

"సరే, ఇదొక్కటీ విను" అన్నాడు.

పై మలుపు నుంచి చూస్తే దిగువన ఒక బడి మైదానం కనబడేది. పిల్లలు పరుగెత్తుతుంటే చూసి, ఇక నేనుండి ఎవరికేం లాభమని పైకే అనేశాను. బాబాయి పక్కింటి తలుపు చూపించి కథ ఎత్తుకున్నాడు. ఆ రోజు కథ మాత్రం చాలా పొడుగు.

తర్వాత ఒక ఉదయం బాబాయి నా మందుల కోసం కిందికి వెళ్లాడు. నేను వాకిట్లో కూర్చుని చూస్తున్నాను. డెబ్బై ఏళ్ల మనిషి, తల వంచుకుని, ఎక్కడా ఆగకుండా, ఎవర్నీ పలకరించకుండా చకచకా ఎక్కి వస్తున్నాడు. అప్పుడే కుట్టుపనావిడ మా పిన్ని రవికెలు తెచ్చింది. బాబాయి కథ చెప్పాడంటూ, వాళ్ల ఎలుగుబంటి ఏమైందని అడిగాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మా మామగారికి పిల్లిని చూస్తేనే భయమండీ. అయినా మేస్త్రీగారు కథలు చెప్పడమేమిటి? ఇన్నేళ్లలో మాతో నాలుగు మాటలు మాట్లాడి ఎరగరు."

ఆవిడ వెళ్లాక పిన్నిని నిలదీశాను. పిన్ని కొంగుతో మూతి తుడుచుకుని నవ్వు దాచుకుంది.

"నువ్వు ఆయాసంతో ఆగావని నలుగురూ అనుకోకూడదట. అందుకని తనే ఆగుతారు. నీ ఊపిరి కుదుటపడేదాకా చెప్పి, పడగానే ఆపేస్తారు. పొద్దున్నే వంటింట్లోకొచ్చి, కథలేమన్నా ఉన్నాయా అని నా ప్రాణం తీస్తున్నారు. ఆ ఎలుగుబంటి నేనిచ్చిందే."

నేను మళ్లీ గోడవైపు తిరిగి పడుకున్నాను. ఈసారి మొహం కనబడకూడదని.

ఆ సాయంత్రం ఎప్పుడూ వెళ్లనంత పైకి వెళ్లాం. కొత్తగా సున్నం వేసిన ఇంటి ముందు బాబాయి ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. బుర్ర గోక్కున్నాడు. నా ఛాతీ కొలిమితిత్తిలా ఎగిరిపడుతోంది.

"ఈ ఇంటి గురించి ఏమీ తోచటం లేదురా" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

"పోనీలే బాబాయ్. ఊరికే నిలబడదాం."

కిటికీ తెరుచుకుంది. ఒక పెద్దావిడ తొంగిచూసి ఎవరు కావాలని అడిగింది. బాబాయి నోరు తెరిచాడు గాని నేనే ముందు చెప్పాను.

"ఎవరూ వద్దమ్మా. నాకు ఆయాసం. కాస్త ఊపిరి పీల్చుకుని వెళతాం."

"దానికేముంది, పీల్చుకోండి. ఇక్కడ గాలికేం కరువా?" అంటూ ఆవిడ బయటికొచ్చి, గట్టుమీద ఆరేసిన దుప్పటి తీసి మా ఇద్దరికీ చోటు చేసింది.