లైను తప్పించే కుర్చీ

ఆ పార్కులో నేను ఒక్క రైడ్ కూడా ఎక్కలేదు. నన్ను కూర్చోబెట్టిన కుర్చీ మాత్రం అన్నిటి గుమ్మాల దాకా వెళ్ళింది.

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక. మా అమ్మాయి వాళ్ళుండే ప్లెయిన్స్‌బరోలో మనవరాలిని ఆదివారం తెలుగు క్లాసుకి దింపడానికి అమ్మాయి వెళ్తుంటే, ఇంట్లో ఒక్కదాన్నే ఏం చేస్తానని కారెక్కేదాన్ని. వెనక బల్ల మీద కూర్చుని పిల్లలతో పాటు దిద్దాను. మనవరాలు మధ్యలో మానేసింది, నేను మానలేదు. ముసలితనంలో కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని గనక చుట్టూ తిప్పి రాయడం నాకు రాదు. కోపం వస్తే కోపమనే రాస్తాను. ఇందులో ఎక్కువ భాగం అదే.

ఎండాకాలం సెలవులకి ఫ్లోరిడా వెళ్ళాలని అమ్మాయీ అల్లుడూ ఎప్పుడో టికెట్లు కొనేశారు. అప్పటికే నా కుడి మోకాలు అరిగి, దాన్ని మార్చాలని డాక్టర్ చెప్పాడు గానీ ఎప్పుడన్నది తేలలేదు. తేలేసరికి ప్రయాణం దగ్గరపడింది. టికెట్లు వెనక్కి తీసుకోరట. తీసుకోకపోతే పోనివ్వండి అన్నాను. ఆ మాట ఎవరికీ వినపడలేదు.

పాత కీలు తీసి లోహపు కీలు పెట్టారు. పెట్టడం వాళ్ళ పని, వంచడం నా పని. కాలికి వ్యాయామం చేయించడానికి ఇంటికొక మనిషి వచ్చేది. పొడుగాటి ఆడమనిషి, నవ్వు ముఖమే కాదు. నా మడమ పట్టుకుని వెనక్కి తోస్తూ, ఎంత వంగిందో ఒక ప్లాస్టిక్ బద్ద పెట్టి కొలిచేది. కాసేపు కూర్చుంటే లేచి నడవాలి, మళ్ళీ కూర్చుంటే మళ్ళీ లేవాలి, రోజంతా కూర్చుంటే కీలు బిగుసుకుంటుంది అని ఆవిడ చెప్పిందంతా అమ్మాయి తెలుగులో చెప్పింది. బిగుసుకుంటే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. నేనే అడిగించాను. మళ్ళీ మత్తిచ్చి, డాక్టర్ బలవంతంగా వంచుతాడట.

మొదటిసారి మత్తు దిగేటప్పుడు నాకు నేనెవరో తెలియలేదు. కడుపున పుట్టినదాన్ని పట్టుకుని "ఎవరమ్మా మీరు, మా ఇంటికి కబురు పంపండి" అన్నానట. నర్సుని కొట్టబోయానట. ఇదంతా అల్లుడు ఫోన్‌లో స్నేహితులకి నవ్వుతూ చెబుతుంటే హాల్లో సోఫా మీద పడుకుని విన్నాను. నా గది మేడ మీద. మెట్లెక్కేంతగా మోకాలు వంగే వరకు నా మంచం ఆ సోఫాయే. అందరూ నా పాదాల మీదుగా టీవీ చూసేవాళ్ళు. ఆ మత్తు మళ్ళీ ఎక్కకూడదు, నా గదిలోకి నేను వెళ్ళి తలుపు వేసుకోవాలి. అప్పట్లో నా కోరికలన్నీ అంతే.

ఫ్లోరిడా నుంచి తిరిగి వచ్చిన సోమవారం చూస్తాను, అప్పటికి వంగకపోతే ఆ పని చేయక తప్పదు అన్నాడు డాక్టర్. దారిలో నడిపిస్తూ ఉండాలి సుమా అంటే తల ఊపింది మా అల్లుడే.

"అమ్మా, హాయిగా వీల్‌చైర్‌లో కూర్చుని అన్నీ చూద్దువుగాని" అంది అమ్మాయి.

"కూర్చోవద్దనే కదే చెప్పింది ఆవిడ!"

"మధ్య మధ్యలో నడిపిస్తాంలే అమ్మా. నువ్వు ప్రతిదానికీ నెగటివ్‌గా ఆలోచించకు."

మా వాళ్ళకి వీల్‌చైర్ అంటే కాళ్ళు రానివాళ్ళ బండి కాదు. ఇక్కడికి వచ్చే అమ్మలకీ అత్తలకీ విమానం టికెట్‌తో పాటే వీల్‌చైర్ బుక్ చేస్తారు. భాష రాదు, దారి తెలియదు, అది ఎక్కించేస్తే ఎవరో ఒకరు తోసుకుంటూ లైన్లన్నీ దాటించి బయట పడేస్తారు. రెండు కాళ్ళూ గట్టిగా ఉన్నప్పుడు నన్నూ అలాగే తెచ్చారు. చుట్టూ ఉన్న కుర్చీల్లో అందరూ మన ఆడవాళ్ళే, ఒక్కరికీ కాలినొప్పి లేదు. ఒకావిడ మధ్యలో దిగి, చకచకా నడిచి బాత్రూంకి వెళ్ళొచ్చి మళ్ళీ ఎక్కింది. ఇదంతా మా వాళ్ళకి అంత మామూలు గనకే, నిజంగా కాలు కోసినదాన్ని కుర్చీలో కూర్చోబెట్టేటప్పుడు రెండో ఆలోచన రాలేదు.

పార్కుకి బయలుదేరిన పొద్దున, నేను పట్టుకుని నడిచే వాకర్‌ని అల్లుడు హోటల్ గదిలో గోడకి చేరేశాడు.

"అది ఉండనివ్వండి అత్తయ్యా, కారు ట్రంక్‌లో పట్టదు."

ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చేటప్పుడు అదే ట్రంక్‌లో, పెట్టెలతో సహా, పట్టింది. ఆ మాట అప్పుడే అనాల్సింది.

పార్కు దగ్గర ఇంకో కుటుంబం కలిసింది. అల్లుడితో పాటు ఇక్కడ మాస్టర్స్ చదివిన స్నేహితుడు, అతని భార్య, వాళ్ళ పిల్లలు. షామ్‌బర్గ్ నుంచి వచ్చారు. అతనిది తెలంగాణ, మాట పెద్దది. మొదటి రైడ్ దగ్గర లైను కొండచిలువలా మెలికలు తిరిగి ఉంది. అందరూ నీరుగారిపోయి నిలబడితే, అక్కడ పనిచేసే అమ్మాయి నా కుర్చీని చూసి పక్క గేటు వైపు చెయ్యి ఊపింది. కుర్చీతో ఉన్నవాళ్ళంతా అటు నుంచి రావచ్చట. లోపల మనిషే లేడు. నడిచి వెళ్ళి ఎక్కేయడమే.

"అరే, ఇది మస్తుంది కదరా!" అన్నాడు షామ్‌బర్గ్ అతను. "ఆంటీ, మీరు జర్ర కూడ లేవకుండ్రి. ఏం గావాల్నో నన్నడుగుండ్రి. నేను నూకుత బండి."

"ఆంటీ మా వీఐపీ పాస్ అండీ!" అంది అతని భార్య.

"పాసుకి దాహం వేస్తోందమ్మా, కాసిని నీళ్ళు తెచ్చిపెట్టు" అన్నాను.

అందరూ నవ్వారు. నీళ్ళు తేలేదు.

నేను ఎక్కనని అక్కడివాళ్ళకి చెప్పి, దిగేవాళ్ళు బయటికి వచ్చే చోట నా కుర్చీ ఆపి మా వాళ్ళు వెళ్ళిపోయేవారు. వెళ్ళేముందు ఒక్కొక్కరూ ఒళ్ళో ఒకటి పడేసేవారు. హ్యాండ్‌బ్యాగులు, టోపీలు, కళ్ళజోళ్ళు. "అమ్మమ్మా, ఇది పట్టుకో, పడేయకు" అంటూ మనవరాలు కొనుక్కున్న బొచ్చు బొమ్మ. అన్నిటి బరువూ కోసిన మోకాలి మీదే. పక్కన వరసగా పిల్లల తోపుడు బండ్లు నిలిపి ఉండేవి, ఖాళీవి. వాటి మధ్య నేను. ఎండ మాడ్చేస్తోంది. అక్కడ రాళ్ళు కూడా ప్లాస్టిక్‌వి. వాటి లోపల నుంచి పాట వస్తూనే ఉంటుంది, ఒకటే పాట.

వాళ్ళు దిగి, జుట్టు చెదిరి, అరుచుకుంటూ వచ్చి, వెంటనే ఫోన్ చూసుకుని తర్వాతి రైడ్‌కి పరుగు. మధ్య మధ్యలో నడిపిస్తామన్న మాట ఎవరికీ గుర్తు లేదు. ఒకచోట నేనే కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాను. అమ్మాయి పరుగున వచ్చి భుజం నొక్కింది.

"అమ్మా, ఇక్కడ లేవకు! వాళ్ళు చూస్తే నడవగలదనుకుంటారు."

"నడవగలను కాబట్టే లేస్తున్నాను."

"ప్లీజ్ అమ్మా. పిల్లలు ఎంత ఎంజాయ్ చేస్తున్నారో చూడు. ఇంకా రెండే ఉన్నాయి."

రెండే అన్నవి చీకటి పడేదాకా అయ్యాయి.

హోటల్‌కి వచ్చేసరికి కాలు ఉబ్బి తొడకీ పిక్కకీ తేడా తెలియడం లేదు. నా కొలత నాకుంది. ఆ ప్లాస్టిక్ బద్దతో నాకు పని లేదు. నాదొక చారల తువ్వాలు. పక్క మీద దాన్ని పరిచి, కాలు చాపి, మడమని మెల్లగా వెనక్కి లాగుతాను. ఇంటి నుంచి బయలుదేరిన రోజు పొద్దున ఎర్ర చార దాటింది. ఆ సాయంత్రం పచ్చ చార దగ్గరే ఆగిపోయింది. పళ్ళు బిగబట్టి లాగినా రాలేదు. చర్మం పగులుతుందేమో అనిపించింది.

అమ్మాయిని పిలిచి చూపించాను. "మొన్న ఇక్కడికి వచ్చింది. ఇవాళ ఇక్కడే ఆగింది."

అది పార్కులో తీసిన ఫోటోలు ఎవరికో పంపుతోంది. "రేపొక్క రోజే కదమ్మా. ఇంటికి వెళ్ళాక ఇంకొంచెం ఎక్కువ చేద్దువుగాని."

"మత్తిచ్చేది నీకు కాదుగా."

"ఎందుకమ్మా అలా మాట్లాడతావు? నిన్ను వదిలేసి వచ్చామా? తీసుకొచ్చాం కదా!"

తీసుకొచ్చారు. అవును. బొచ్చు బొమ్మని కూడా తీసుకొచ్చారు, అది కారులో ముందు సీట్లో కూర్చుంది.

మర్నాడు పొద్దున మళ్ళీ వాకర్ గోడకే. ఆ రోజు ఎక్కాల్సింది అన్నిటికంటే పెద్దదట, దాని కోసమే ఇంత దూరం వచ్చారట. లైను చూస్తే మెలికల మీద మెలికలు. జనం నేల మీద చతికిలబడి ఉన్నారు. మా వాళ్ళు ఆ లైను వైపు ఒకసారి చూసి, పెద్దమనుషుల్లా తల తిప్పుకుని పక్క గేటు వైపు నా కుర్చీ తోశారు. గేటు దగ్గర పనిచేసే అతను నవ్వుతూ ఎదురొచ్చాడు.

అప్పుడు లేచాను.

ఒళ్ళో ఉన్న బ్యాగులు ఒక్కొక్కటే కుర్చీలో పెట్టాను. కుర్చీ వెనక్కి వెళ్ళి రెండు పిడులూ పట్టుకున్నాను. వాకర్ లేకపోతేనేం, ఇది కూడా చక్రాలున్నదే. గేటు దగ్గర అతనికి ముచ్చటేసింది. అతను చప్పట్లు కొట్టి "గుడ్ జాబ్!" అన్నాడు. పాపం, అతనికేం తెలుసు.

"అత్తయ్యా, ఒక్క ఐదు నిమిషాలు! లోపలికి వెళ్ళాక నడుద్దురుగాని" అన్నాడు అల్లుడు, పళ్ళ మధ్య నుంచి.

"లోపలికి మీరు వెళ్ళండి. నేను నడవాలి."

"ఎక్కడికమ్మా?" అంది అమ్మాయి.

"ఎక్కడికీ లేదు. ఊరికే."

"ఎంతసేపు?"

"మీరు ఆ లైన్లో నిలబడినంతసేపు."

షామ్‌బర్గ్ ఆవిడ మొగుడి చెవిలో అంటున్నట్టుగా, నాకు వినపడేలా అంది: "ఆంటీకి కోపం వచ్చినట్టుంది."

"వచ్చినట్టు కాదమ్మా. వచ్చింది."

కుర్చీ తిప్పి బయలుదేరాను. అల్లుడు పరుగున వచ్చి ఫోనూ కారు తాళాలూ తీసుకున్నాడు. నా ముఖం చూడలేదు. మిగిలినవి నాతోనే వచ్చాయి.

అక్కడొక చెరువు లాంటిది కట్టారు, చుట్టూ కమ్మీ. ఆ కమ్మీ వెంట నడిచాను. మొదట కాలు కర్రలాగా వచ్చింది. అడుగేస్తే మోకాలి లోపల ఎవరో గుడ్డ చింపుతున్నట్టు ఉంది. ఆగాను. మళ్ళీ నడిచాను. కమ్మీ పట్టుకుని కాలు వెనక్కి మడిచాను, వదిలాను. చుట్టూ పిల్లల ఏడుపులు, పిల్లల మీద పెద్దల అరుపులు, వేయించిన పిండి వాసన. ఎవరి మీదా జాలి వేయలేదు. నా మీద కూడా. బెంచీలు కనపడితే కూర్చున్నాను, తిట్టుకుంటూ లేచాను. ఎవరిని తిట్టానో ఇక్కడ రాయను, నేను రాసింది వాళ్ళు చదువుతారు.

ఆ లైన్లో వాళ్ళు మధ్యాహ్నం దాటేదాకా నిలబడ్డారు. వచ్చాక ఎవరి బ్యాగులు వాళ్ళు కుర్చీలోంచి లాక్కున్నారు. మనవరాలు మాత్రం "అమ్మమ్మా, యూ ఆర్ సో మీన్" అంది. అర్థమైంది. నీ బొమ్మ నువ్వు పట్టుకో అని ఇచ్చేశాను. షామ్‌బర్గ్ వాళ్ళు ఏదో పనుందని సాయంత్రమే విడిపోయారు. మా అల్లుడు తిరిగి వచ్చే విమానంలో కూడా నాతో ఒక్క మాట అనలేదు. నాకు నిద్ర బాగా పట్టింది.

సోమవారం డాక్టర్ నా కాలు పట్టుకుని వంచాడు. నొప్పికి మంచం అంచు పట్టుకున్నాను గానీ వంగింది. ఇంకా చాలా వంగాలి, కానీ మత్తు అక్కర్లేదు అన్నాడు. అని, అల్లుడి వైపు తిరిగి, ప్రయాణంలో కూడా శ్రద్ధగా నడిపించినట్టున్నారు, చాలా సంతోషం అన్నాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు తెలుస్తుంది.

"థాంక్యూ" అన్నాడు మా అల్లుడు.

"ఎవరు నడిచారో ఆయనకి చెప్పు" అన్నాను అమ్మాయితో. అది గోడ మీద ఎముకల బొమ్మ చూస్తూ కూర్చుంది. చెప్పలేదు.

ఇంటికి రాగానే మెట్లెక్కాను. మంచి కాలు ముందు, కొత్త కాలు వెనక, ఆ పొడుగాటావిడ నేర్పినట్టు. పైన నా గది తలుపు తీస్తే, మంచం మీద ఫ్లోరిడా పెట్టెలు, ఒక్కటీ విప్పలేదు. నా దిండు మీద ఆ బొచ్చు బొమ్మ. నేను ఇప్పట్లో పైకి రానని అనుకుని ఉంటారు.

అన్నిటినీ ఒక్కొక్కటే ఈడ్చి బయట పెట్టాను. బరువు ఎత్తకూడదన్నారు, ఎత్తలేదు, ఈడ్చాను. బొమ్మని అన్నిటి పైన కూర్చోబెట్టాను. గడియ వేసుకున్నాను.

కాసేపటికి కింద నుంచి అల్లుడి గొంతు, ఈ పెట్టెలన్నీ మెట్ల దగ్గరికి ఎలా వచ్చాయని. తర్వాత అమ్మాయి పైకి వచ్చి తలుపు కొట్టింది.

"అమ్మా, తలుపు తియ్యి. నీతో మాట్లాడాలి."

పక్క మీద తువ్వాలు పరిచి ఉంది. మడమ పచ్చ చార దాటి ఎర్ర చార అంచున ఉంది.

"కాలు వంచుతున్నాను" అన్నాను. తీయలేదు.